వేదికా, గొంతూ

వక్తృత్వపు పోటీల ప్రకటన నోటీసు బోర్డుకు ఎక్కిన మరునాటి నుండి మా గది ముందు విద్యార్థులు బారులు తీరుతారు. "సార్, ఒక ఉపన్యాసం వ్రాసి పెట్టండి" అన్నది అందరి కోరిక. వ్రాసి పెట్టడం కష్టమేమీ కాదు. కాని దానిని మోసుకొని వేదిక ఎక్కవలసినవి కాళ్ళు, పలుకవలసినది గొంతు. ఈ రెండింటిని గూర్చి అడిగిన విద్యార్థి ఇంతవరకు మాకు తారసపడలేదు. అడగకపోయినా చెప్పడం ఉపాధ్యాయుల అలవాటు గనుక నాలుగు మాటలు వ్రాస్తున్నాము.

మూడేండ్ల క్రితం చలికాలంలో మా గొంతు పూర్తిగా మూతపడినది. రోజుకు ఐదు పీరియడ్లు, సుద్దముక్కల దుమ్ము, తలపై ఫ్యాను రొద, కిటికీ అవతల బస్సుల మోత. వీటన్నిటిని మించి ప్రబంధ పద్యాలు చివరి బెంచీ దాకా వినిపించాలి. చెవి ముక్కు గొంతు వైద్యుని వద్దకు వెళితే ఆయన వారం రోజులు మౌనం పాటించమన్నారు. "పోనీ గుసగుసగా మాట్లాడవచ్చునా?" అని కాగితం మీద వ్రాసి అడిగాము. అది అసలే వద్దన్నారు. గుసగుసలతో గొంతుకు విశ్రాంతి దొరుకుతుందని లోకం అనుకొంటుంది. నిజానికి చాలామందిలో అప్పుడు స్వరపేటిక కండరాలు మరింత బిగుసుకొంటాయి. మాటిమాటికీ గొంతు సవరించుకోవడమూ అటువంటిదే. స్వరపేటికలో రెండు చిన్న మడతలు ఉన్నాయి. మాట్లాడేటప్పుడు అవి సెకనుకు పురుషులలో సుమారు 100కు పైగా, స్త్రీలలో సుమారు 200 పర్యాయాలు కంపిస్తాయి. ఖంగుమని సవరించిన ప్రతిసారీ ఆ లేత మడతలు ఒకదానికొకటి బలంగా కొట్టుకొంటాయి. అందుకు బదులు ఒక గుక్కెడు నీళ్ళు మింగితే సరిపోతుంది.

నీళ్ళ మాట వచ్చినది గనుక మరొక సంగతి. వేదిక మీద గటగట త్రాగిన నీరు నోటి పొడిని పోగొడుతుంది గాని ఆ మడతలను తాకదు. తాకితే పొలమారుతుంది! ఒళ్ళంతటికీ నీరు అందినప్పుడే అవి తడిగా ఉంటాయి. కనుక సాయంత్రం ఉపన్యాసమైతే ఉదయం నుండే కొంచెం కొంచెంగా త్రాగుతుండాలి. గాయకులు చప్పరించే ములేఠీ, అనగా మన అతిమధురం, నోటికి హాయినిస్తుంది. రక్తపోటు గలవారు మాత్రం దాని జోలికి పోరాదు. ముందు రోజు రాత్రి పెళ్ళి విందులో పన్నెండు గంటలకు బిర్యానీ తిని వెంటనే పడుకొనేవారికి కడుపులోని ఆమ్లం పైకి ఎగదన్ని తెల్లవారేసరికి గొంతు బొంగురుపోవచ్చు. బిర్యానీని మానమని చెప్పేంతటి కఠినులము కాము, రెండు మూడు గంటలు ముందుగా తినమంటున్నాము. బొంగురు మూడు నాలుగు వారాలకు మించి నిలిచినచో వైద్యునికి చూపించి తీరాలి. బీడీ, సిగరెట్టు త్రాగే పెద్దలకు ఈ మాట మరింత గట్టిగా చెప్పండి.

ఇక ఊపిరి. ఖురాను పఠించే ఖారీలను, హరికథ చెప్పే భాగవతారులను గమనించారా? దీర్ఘమైన వాక్యానికి ముందు వారి భుజాలు పైకి లేవవు, పొట్ట ముందుకు వస్తుంది. వెల్లకిల పడుకొని పొట్ట మీద ఒక పుస్తకం పెట్టుకొని, గాలి పీల్చినప్పుడు అది పైకి లేచేటట్లు చూసుకోండి. పిదప "స్" అని సన్నగా, ఎడతెగకుండా గాలి వదలాలి. మొదటి రోజు పది సెకన్లు, కొన్నాళ్ళకు ఇరవై. నిలబడినప్పుడు రెండు పాదాల మీదా సమంగా బరువు ఉంచాలి. మోకాళ్ళు బిగదీసుకొని చాలాసేపు నిలబడితే రక్తం కాళ్ళలో నిలిచి కళ్ళు తిరగవచ్చు.

భయం సంగతి చెప్పకపోతే ఇదంతా వృథా. లండనులో చదివే రోజులలో గాంధీజీ శాకాహారుల సభలో వ్రాసుకొన్న కాగితం చదవడానికి లేచి, కళ్ళు మసకబారి, చేతులు వణికి చదవలేకపోతే మరొకరు చదివి పెట్టారు. 1891లో స్వదేశానికి వచ్చిన తరువాత బొంబాయి కోర్టులో తొలి కేసుకు లేచినప్పుడు తల తిరిగి కూర్చుండిపోయారు. ఈ రెండూ ఆయన ఆత్మకథలో స్వయంగా వ్రాసినవే. తమ బిడియమే తమకు మాటల పొదుపు నేర్పినదని కూడా అన్నారు. మన పోటీలలో ఐదు నిమిషాల వ్యవధిలో ఒక నిమిషం "వేదిక నలంకరించిన పెద్దలకు", "జనాబె సదర్, మొఅజ్జజ్ సామయీన్" వంటి పలకరింపులకే పోతుంది. ఆ పొదుపు అక్కడి నుండే మొదలుపెట్టవచ్చును.

మన కళాశాలకు ప్రత్యేకమైన చిక్కు ఒకటి ఉన్నది. ఉర్దూ ఇండ్ల పిల్లలకు తెలుగు 'ళ', 'ణ' లొంగవు. కళ కాస్తా కల అవుతుంది. తెలుగు ఇండ్ల పిల్లలు ఉర్దూ మాట్లాడబోయి ప్రతి 'జ'నూ ఇంగ్లీషు జెడ్ వలె పలికి గొప్పగా భావిస్తారు. 'జలీల్' అంటే మహనీయుడు. మొదటి అక్షరం అలా మారినచో నీచుడు. ముఖ్య అతిథికి ఆ పేరే ఉంటే సభ ఏమవుతుందో ఊహించండి! ఏ పక్షమూ మరొక పక్షాన్ని చూసి నవ్వవలసిన పని లేదు. పిఠాపురపు ఉమర్ ఆలీషా (1885–1945) తెలుగులో కావ్యాలు, నాటకాలు వ్రాశారు. అయినా ఈనాటికీ "మీరు తెలుగు చెబుతారా?" అని మమ్ములను వింతగా అడిగేవారు ఉన్నారు. తెలుగులోనే జవాబు చెప్పి ఊరుకొంటాము.

రెండేండ్ల క్రితం బి.ఏ. మొదటి సంవత్సరంలో ఒక విద్యార్థిని చేరినది. ఇంట్లో ఉర్దూ. పరీక్ష పత్రంలో ఆమె తెలుగు చూస్తే మాకు ముచ్చట వేసేది. హాజరు పిలిస్తే మాత్రం ఆమె పలికిన "ఎస్ సార్" మా బల్ల దాకా వచ్చేది కాదు. 'ళ' రాదని నవ్వుతారట. నానీ పింఛను ఆగిపోతే ఒక కార్యాలయానికి వెళ్ళి, కిటికీ ముందు నోరు పెగలక, కాగితాలు కొంగు క్రింద పెట్టుకొని తిరిగి వచ్చినదని ఆమె స్నేహితురాలు చెప్పినది. ఇంట్లో చదువుకొన్నది ఈమె ఒక్కతే.

రోజూ తరగతులు అయిన తరువాత దినపత్రికలోని ఒక వార్తను చివరి బెంచీకి వినబడేటట్లు చదవమన్నాము. అరవవద్దు, ఊపిరి నిండుగా తీసుకొని నెమ్మదిగా చదవమన్నాము. నాలుక కొసను వెనుకకు మడిచి నీళ్ళు, గోళీ, తాళం, గణితం అని పదిసార్లు పలకమన్నాము. చేతిలోని ఫోనులో పట్టుకొని ఇంటికి పోయి వినమన్నాము. తన గొంతు తనకే నచ్చలేదని మొదటి వారం ఏడ్చినది. ఎవరికీ నచ్చదు. మన మాట మనకు చెవి ద్వారానే గాక ఎముకల ద్వారా కూడా వినిపిస్తుంది గనుక యంత్రంలో విన్నప్పుడు పరాయిగా తోస్తుంది. రెండు నెలలు గడిచాయి. ఆ ఏటి పోటీలో ఆమెకు బహుమతి రాలేదు. మాట్లాడిన పదకొండు మందిలో ఏ స్థానమో కూడా మాకు జ్ఞాపకం లేదు. కాని ఆ నెలలోనే మళ్ళీ ఆ కిటికీ వద్దకు వెళ్ళి, నాలుగు వాక్యాలలో పని చెప్పి, అర్జీ ఇచ్చి, రశీదు అడిగి తీసుకొని వచ్చినది. ఆ రశీదును తెచ్చి మా బల్ల మీద పెట్టినది. 'ళ' మాత్రం ఇప్పటికీ అప్పుడప్పుడు జారుతూనే ఉన్నది.

ఈ ఏడు కూడా సోమ, గురువారాలలో సాయంత్రం నాలుగు గంటలకు మా తెలుగు శాఖ గది తెరిచి ఉంటుంది. ఉపన్యాసం వ్రాసుకొని రానక్కరలేదు, ఏదైనా ఒక దినపత్రిక తెచ్చుకోండి. మంచినీళ్ళ కుండ గుమ్మం ప్రక్కనే ఉంటుంది.