ఒక్క ప్రాణంతో స్పిట్‌ఫైర్



పోయిన వారం కింది బజారులో ఒక పెద్దమ్మ మమ్మల్ని ఆపి, "అయ్యగారూ, రాత్రిపూట తండ్రీ కొడుకులు కూసోని విమానాలు కూలగొడుతున్నరట గదా?" అని అడిగింది. నవ్వుతూనే అడిగింది. కానీ ఆమె మనవడు సైన్యంలో ఉన్నాడు. ఆ ప్రశ్నకు మేమూ ఒక నవ్వు నవ్వి వచ్చేయడం బాగుండదనిపించింది. అందుకే ఈ వారం ఇది రాస్తున్నాం.

మేమంటే ఇద్దరం: అయ్యగారు, ఇంటర్ రెండో సంవత్సరం చదువుతున్న అయ్యగారి అబ్బాయి. కంప్యూటరు సంఘానిది కాదు, ముందే చెప్తున్నాం. మా బావమరిది కొత్తది కొనుక్కుని పాతది మాకిచ్చాడు. జాయ్‌స్టిక్ సెకండ్ హ్యాండ్‌లో కొన్నాం. అందులో ‘క్లిఫ్స్ ఆఫ్ డోవర్’ అనే ఫ్లైట్ సిమ్యులేటర్ నడుస్తుంది. 1940 వేసవిలో జర్మనీ విమానాలు ఇంగ్లండు మీదికి వచ్చినప్పుడు ఆకాశంలో జరిగిన యుద్ధాన్ని అది చూపిస్తుంది. మేము ఎక్కేది స్పిట్‌ఫైర్, అందులోనూ మొదటి రకం.

దీన్ని ఆట అనుకుని కూర్చున్నవాళ్లు మొదటి అరగంట నేల వదలరు. స్పిట్‌ఫైర్‌కు ముక్కు పొడుగు. తోక నేలకు ఆని ఉన్నంతసేపు ముందేముందో కనబడదు. గడ్డి ఎత్తుగా వేసిన ట్రాక్టరు ట్రాలీని వెనక నుంచి నెట్టుకుంటూ పోతున్నట్టు ఉంటుంది. అందుకని పాములాగా అటు కొంచెం ఇటు కొంచెం తిప్పుతూ, పక్కల నుంచి దారి చూసుకుంటూ పోవాలి. వేగం పెంచగానే అది ఎడమకు లాగుతుంది, కుడి కాలితో రడ్డరు తొక్కి పట్టాలి. పోనీ నిదానంగా బయల్దేరదామంటే అదీ కుదరదు. రేడియేటరు కుడి రెక్క కింద ఉంటుంది, దించి ఉన్న చక్రం కాలు దానికి గాలి తగలకుండా అడ్డం నిలుస్తుంది. నేల మీద ఎక్కువసేపు ఆగితే నీళ్లు మరిగిపోతాయి. ఎండాకాలం ఘాటెక్కే పాత లారీని చూసినవాళ్లకు దీన్ని వివరించక్కర్లేదు.

గాలిలోకి లేచాక మాత్రం మన చేతిలో మెత్తగా ఒదిగిపోతుంది. కానీ దానికి ఒక బలహీనత ఉంది. ముక్కును ఒక్కసారిగా కిందికి నెట్టామా, ఇంజన్ దగ్గి ఆగినంత పని చేస్తుంది. ఆ ఇంజన్ పేరు మెర్లిన్. దానికి పెట్రోలు కార్బ్యురేటరు ద్వారా అందుతుంది. విమానం ఉన్నట్టుండి కిందికి దిగితే అందులోని పెట్రోలు పైకి ఎగదన్ని ఇంజన్‌కు ఊపిరాడదు. జర్మనీ వాళ్ల మెసర్‌ష్మిట్ 109లో పెట్రోలును పంపు నేరుగా సిలిండర్లలోకి కొడుతుంది, దానికి ఆ బాధ లేదు. కాబట్టి మన ముందు చిక్కినట్టే చిక్కి, ముక్కు వంచి జారుకుంటుంది. దాని వెంట పడాలంటే స్పిట్‌ఫైర్‌ను ముందు తలకిందులు చేసి, అప్పుడు లాగాలి. ఆ లోపు అది దూరం పోతుంది.

ఈ లోపాన్ని 1941లో చాలావరకు సరిచేసింది బియాట్రిస్ షిల్లింగ్ అనే ఇంజనీరు. పెట్రోలు వచ్చే దారిలో లెక్క ప్రకారం రంధ్రం చేసిన చిన్న లోహపు ముక్కను అమర్చింది, అంతే. పెద్ద ఫ్యాక్టరీ పని కాదు, విమానాలు ఉన్న చోటనే బిగించారు. మోటారు సైకిల్ పందేలలో పరుగెత్తిన మనిషి ఆమె. ఆడపిల్లలకు మెషిన్ల చదువెందుకని ఇంకా అడిగేవాళ్లు మన ఊళ్లో ఉన్నారు గనుక ఇది కాస్త గట్టిగానే చెప్తున్నాం.

ఇక తూటాల సంగతి. రెక్కల్లో 8 మెషిన్ గన్లు, ఒక్కోదానికి 300 తూటాలు. మీట నొక్కి పట్టుకుంటే సుమారు 15 సెకన్లలో అన్నీ అయిపోతాయి. ప్రసంగానికి ముందు గొంతు సవరించుకుని కళ్లద్దాలు తుడుచుకునేంత సేపు.

ఇప్పుడు పెద్దమ్మ ప్రశ్నకు వస్తాం. సిమ్యులేటర్‌లో చనిపోతే ఒక బటన్ నొక్కి మళ్లీ లేవొచ్చు. మా ఇంట్లో దాన్ని నొక్కకూడదని నియమం పెట్టుకున్నాం. పైలట్‌కు ఒక పేరు పెట్టి నోటుబుక్కులో రాస్తాం. చనిపోతే పేరు కొట్టేసి వారం రోజులు కంప్యూటరు మూసేస్తాం. మావాడు యాకోబు కొడుకుల పేర్లు వరుసగా పెట్టాడు. రూబేను మొదటి సాయంత్రమే డోవర్ దగ్గర సముద్రంలో పడ్డాడు. షిమ్యోను మూడు రోజులున్నాడు. లేవి మాత్రం పద్నాలుగు సాయంత్రాలు బతికాడు.

ఎలా బతికాడంటే, కాల్చడం తగ్గించి వెనక్కి చూడడం మొదలుపెట్టాం. ఆ రోజుల్లో పైలట్లు మెడకు పట్టు రుమాలు కట్టుకునేది సోకు కోసం కాదు, అస్తమానం తల తిప్పుతుంటే కాలరు ఒరుసుకుని మెడ పుండ్లు పడేది. ఒక్కటే ప్రాణం అనుకున్నాక మాకూ ఆ తల తిప్పడం అలవాటైంది. ఎన్నో సాయంత్రాలు ఒక్క తూటా కాల్చకుండా తిరిగొచ్చి దిగాం. అవతలివాడి విమానం అంటుకున్నప్పుడు ప్యారాచూట్ విచ్చుకుంటుందా లేదా అని ఇద్దరం తెర దగ్గరికి వంగి చూస్తాం. విచ్చుకుంటే అబ్బాయి "హమ్మయ్య" అంటాడు. వాడికి ఎవరూ నేర్పలేదు. కెంట్‌లోని హాకింజ్ స్మశానవాటికలో బ్రిటన్ వైమానికుల సమాధులున్న చోటనే జర్మనీ వైమానికుల సమాధులు కూడా ఉన్నాయి.

అయినా సిమ్యులేటర్ చూపించలేనిది ఒకటుంది. స్పిట్‌ఫైర్‌లో పెట్రోలు ట్యాంకులు పైలట్‌కు సరిగ్గా ముందుంటాయి, 85 గ్యాలన్లు, అంటే 380 లీటర్లకు పైనే. తెర మీద మంట ఎర్రగా కనబడుతుంది, అంతే. రిచర్డ్ హిల్లరీ అనే పైలట్‌కు అది నిజంగా అంటుకుంది. 1940 సెప్టెంబర్ 3. వయసు 21. పైకప్పు బిగుసుకుపోయి వెంటనే తెరుచుకోలేదు. ముఖం, చేతులు కాలి సముద్రంలో పడితే మార్గేట్ లైఫ్‌బోటు వాళ్లు తీశారు. సర్జన్ ఆర్చిబాల్డ్ మెకిండో అతనికి కొత్త కనురెప్పలు చేశాడు. ఆ తర్వాత అతను రాసిన పుస్తకం 1942లో వచ్చింది. పేరు ‘ది లాస్ట్ ఎనిమీ’, కడపటి శత్రువు. మీకు చెప్పక్కర్లేదు, అది మొదటి కొరింథీ 15వ అధ్యాయంలో మాట. మట్టి ఇచ్చే ముందు మనం తెరిచే అధ్యాయం. పట్టుబట్టి మళ్లీ విమానమెక్కిన హిల్లరీ 1943 జనవరిలో, శిక్షణలో ఉండగా రాత్రివేళ కూలి చనిపోయాడు. 23 ఏళ్లు. ఈ సంగతి చెప్పిన రోజు మావాడు కంప్యూటరు తెరవలేదు.

ఆ యుద్ధంలో బ్రిటన్ వైపు ఎగిరిన సుమారు 2,900 మందిలో 540 మంది దాకా పోయారు. వాళ్ల స్క్వాడ్రన్లలో ఒకదాని పేరు 152 హైదరాబాద్ స్క్వాడ్రన్. నిజాం ఇచ్చిన విరాళానికి గుర్తుగా ఆ పేరు, దాని చిహ్నం మీద నిజాం తలపాగా. వాళ్లు నడిపింది స్పిట్‌ఫైర్లే, డోర్సెట్‌లోని వార్మ్‌వెల్ నుంచి. నిజాం ఖజానా అంటే అందులో మన తాతలు కట్టిన శిస్తు కూడా ఎంతో కొంత ఉంటుంది. ఇది తెలిశాక మావాడు విమానం మీద ఆ స్క్వాడ్రన్ అక్షరాలు, యూఎం, వేసుకుంటున్నాడు.

ఇదంతా ఇప్పుడెందుకంటే, అబ్బాయి ఎన్‌డీఏ పరీక్ష రాస్తానంటున్నాడు. వైమానిక దళంలో చేరాలట. ఇద్దరు అక్కల తర్వాత పుట్టినవాడు. నోటుబుక్కులో బెన్యామీను పేరు మాత్రం రాయొద్దని అమ్మగారు ముందే ఖండితంగా చెప్పింది, ఎందుకని మేము అడగలేదు. మొన్న రాత్రి ఆమె మొదటిసారి వచ్చి మా పక్కన కుర్చీ వేసుకుంది. స్పిట్‌ఫైర్ అంటుకుంటే బయటికెలా వస్తారని అడిగింది. పైకప్పు వెనక్కి జరిపి, బెల్టులు విప్పి, వీలైతే విమానాన్ని తిరగేసి కిందికి జారిపోవాలని వాడు చూపించాడు. మరి ఇప్పటివాటిలోనో అంది. సీటుతో సహా పైకి ఎగిరిపడే ఏర్పాటు ఉందని, దాన్ని ఎజెక్షన్ సీట్ అంటారని కాగితం మీద బొమ్మ గీసి చెప్పాడు. ఆమె ఆ కాగితాన్ని చాలాసేపు చూసి, మడిచి తన బైబిల్లో పెట్టుకుంది. సరేనని అనలేదు, వద్దనీ అనలేదు. పరీక్షకు దరఖాస్తు గడువు ఇంకా ఉంది.