మోసుకుపోయే ఉయ్యాల

ఉయ్యాల అనగానే మనకు పసిపాపో, గుడిలో ఊంజల సేవో గుర్తుకు వస్తుంది గాని, వీపున వేసుకుని కొండెక్కే సామాను గుర్తుకు రాదు. రెండు చెట్ల నడుమ కట్టుకుని నిద్రపోయే ఈ సాధనాన్ని హామక్ అంటారు. ఆ మాట కరీబియన్ దీవుల టైనో జాతివారిది. 1492లో కొలంబస్ అక్కడ వాటిని చూశాడు; ఆ తరువాత నావికులు ఓడలకెక్కించారు.

మా ఇంటికి మాత్రం అది మా అమ్మాయితో వచ్చింది. డిసెంబరులో స్నేహితురాళ్ళతో లంబసింగి వెడుతుందట. గుడారం కంటె ఇదే తేలికట.

"ఆడపిల్ల చెట్టుకు వేలాడుతూ నిద్రపోవడమేమిటండీ!" అన్నది మా ఆవిడ. ఇద్దరూ నా వంక చూశారు. ప్రబంధాల్లో డోలావిహారాలు పాఠం చెబుతున్నాను గనుక తీర్పు చెప్పగలననుకున్నారు కాబోలు!

నేను వంటింటి త్రాసు తెప్పించాను. నైలాన్ ఉయ్యాల 450 గ్రాములు. అమ్మాయి మురిసిపోయింది. కాని దానితోనే పని జరగదు గదా! చెట్టుకు చుట్టే పట్టీలు 250, దోమతెర 350, వానకు పైకప్పు గుడ్డ 500, అడుగున పరిచే ఫోము చాప 300. వెరసి 1850 గ్రాములు.

"చాప మానేద్దాం నాన్నా, రగ్గు ఉందిగా?"

రగ్గు వెచ్చదనమంతా ఉన్నిలో చిక్కుకున్న గాలిది. వీపు కింద అణగిపోతే ఆ గాలీ పోతుంది. పైగా ఉయ్యాల అడుగునుంచి చలిగాలి కొడుతుంది. దాదాపు 1000 మీటర్ల ఎత్తున, డిసెంబరు తెల్లవారుజామున, ఆ చాప మానేస్తే నిద్ర మానేసినట్టే.

పట్టీలకు బదులు సన్నతాడు తేలికే. కాని అది బెరడును కోస్తుంది. చెట్టు ప్రాణం ఆ బెరడు కిందనే ఉన్నది. అంగుళానికి తగ్గని వెడల్పు పట్టీ కావాలి. నైలాన్ తడిస్తే సాగుతుంది గనుక పాలిస్టరుదైతే మేలు. ఆ ప్రాంతపు కాఫీతోటల్లో చెట్లకు మిరియపు తీగలు పాకి ఉంటాయి. అవి ఒకరి జీవనాధారం. తోటవారిని అడగనిదే ఏ చెట్టుకూ కట్టరాదు.

పెరట్లో వేపకూ మామిడికీ కట్టి చూపించాను. పైన ఎండుకొమ్మ ఉండకూడదు. పట్టీ సుమారు 30 డిగ్రీల వాలులో ఉండాలి. కూర్చుంటే కుర్చీ ఎత్తుకు మించకూడదు, పడ్డా ప్రమాదముండదు. ఐమూలగా పడుకుంటే వీపు చదునుగా ఉంటుంది. మా ఆవిడ ముందు అనుమానంగా కూర్చున్నది, తరువాత పడుకున్నది, ఆ తరువాత పావుగంట సేపు లేవలేదు.

ఇక తగ్గించేదేమిటి? ఆవిడ సిద్ధం చేసిన జంతికల స్టీలు డబ్బాను త్రాసులో పెట్టాను. రెండు కిలోలు! ఉయ్యాల సరంజామా అంతటి కంటె ఎక్కువ. నేను నోరు విప్పలేదు. ఆవిడే సగం జంతికలు గుడ్డసంచిలోకి వంచి, డబ్బా అలమారులో పెట్టేసి అన్నది:

"ఆ చాప ఇంకొకటుంటే అదీ పెట్టండి. పిల్లకు వీపు చల్లబడుతుంది."

అనుమతి దొరికిందని మా అమ్మాయికి అప్పుడు అర్థమయింది.