మోటారు పైకి లాగేముందు స్టార్టర్ చూడండి

ఈసారి పంట గురించి కాదు, లాప్‌టాప్ గురించి రాస్తున్నా. మనకెందుకులే అనుకోకండి. పిల్లలు చదువుకుని వదిలేసిన పాత లాప్‌టాప్ ఇప్పుడు చాలా ఇళ్లల్లో ఉంది.

మా ఇంట్లోదీ అంతే. మా అమ్మాయి వాడి నాకిచ్చింది. నేను చదివింది ఇంటరే అయినా, రెండెకరాల సొంతం, నాలుగెకరాల కౌలు లెక్కలు అందులోనే రాస్తా. ఎందుకంటారా? నాకూ మా తమ్ముడికీ బోరు ఉమ్మడి. మోటారు రిపేరుకు ఎవరెంత పెట్టారన్న నోటి లెక్క దగ్గర మాట తేడా వచ్చి రెండేళ్లు మాట్లాడుకోలేదు. అప్పట్నుంచి ప్రతి రూపాయీ రాసి, సంక్రాంతికి ఇద్దరం కూర్చుని చూసుకుంటాం.

విండోస్ 10కి 2025 అక్టోబరు 14తో మామూలు సపోర్టు ఆగిపోయింది. 11 మా పాతదానికి ఎక్కదు. మా మేనల్లుడు ఫోన్‌లో చెబుతుంటే, డబ్బు కట్టక్కర్లేని లినక్స్ మింట్ వేసుకున్నా. పెన్‌డ్రైవ్ నుంచి లేవకపోతే, ఏదో వీడియో చూసి బయోస్‌లో సెక్యూర్ బూట్ ఆపి, యూఈఎఫ్ఐ అన్నచోట లెగసీ పెట్టా. మింట్ ఎక్కింది. లెక్కలు దాచిన ఇంకో పెన్‌డ్రైవ్‌లో ట్రాక్టర్ కోసం పాటలు నింపేశా. అదీ నేను చేసిన తప్పు.

పండగ ముందు ఇంటికి సున్నం వేయిస్తూ ప్లగ్గు పీకేశాం. లాప్‌టాప్ బ్యాటరీ ఎప్పుడో పోయింది. నాలుగు రోజుల తర్వాత ఆన్ చేస్తే నల్ల తెర మీద 'నో బూటబుల్ డివైస్' అని ఒక్క ముక్క. గుండె జారిపోయింది. టౌన్లో షాపుకి తీసుకెళ్తే, తిప్పి కూడా చూడకుండా "హార్డ్ డిస్క్ పోయింది బాబాయ్, కొత్తది వెయ్యాలి, పాత డేటా రాదు" అన్నాడు. పండగ ఇంకా రెండు రోజులే. తమ్ముడికి ఏం చూపించాలి?

దారిలో ఒక పాత సంగతి గుర్తొచ్చింది. ఒకసారి నీళ్లు రావట్లేదని మనుషుల్ని పెట్టి బోరులోంచి మోటారు పైకి లాగించాం. కూలి ఖర్చంతా అయ్యాక తేలింది, పోయింది స్టార్టర్లో రిలే అని. ఇదీ అలాంటిదేనేమో, ముందు స్టార్టర్ చూద్దాం అనుకున్నా.

ఇంటికొచ్చి ఎఫ్2 నొక్కి బయోస్ తెరిచా. (కొన్నిట్లో ఎఫ్10, డెల్, ఇలా వేరే మీటలు ఉంటాయి.) డిస్క్ పేరు అక్కడ కనబడుతోంది! అంటే బతికే ఉంది. ఇన్‌స్టాల్ చేసిన పెన్‌డ్రైవ్ పెట్టి, ఏమీ ఎక్కించకుండా ఊరికే మింట్ తెరిచా. నా ఫోల్డర్ కనిపించింది. ముందు లెక్కలన్నీ కాపీ చేసుకున్నా. అప్పటికిగాని ఊపిరాడలేదు.

తర్వాత మళ్లీ బయోస్ చూస్తే తేదీ 2015 జనవరి 1 అని ఉంది. నేను పెట్టిన లెగసీ పోయి మళ్లీ యూఈఎఫ్ఐ వచ్చింది. అసలు రోగం తేదీలోనే దొరికింది. లోపల బిళ్ల లాంటి చిన్న సెల్లు ఉంటుంది. కరెంటు లేనప్పుడు టైమునీ సెట్టింగులనీ కాపాడేది అదే. అది అయిపోవడంతో అన్నీ కంపెనీ లెక్కకి వెళ్లిపోయాయి.

ఈ రెండు పద్ధతులూ వేరు. లెగసీ డిస్క్ మొదట్లో ఉండే చిన్న ముక్క చదివి సిస్టమ్‌ని లేపుతుంది. యూఈఎఫ్ఐ ఒక ప్రత్యేక పార్టిషన్‌లో ఫైలు కోసం వెతుకుతుంది. నేను ఒక పద్ధతిలో ఎక్కించా, అది ఇంకో పద్ధతిలో వెతికింది. దొరకలేదు, లేదంది. లేదన్నంత మాత్రాన పోయినట్టు కాదు గదా. సెక్యూర్ బూట్ ఆపి, లెగసీ పెట్టి, తేదీ దిద్దితే మింట్ లేచింది. పండగయ్యాక సెల్లు మార్పించా.

మీకూ ఇలా అయితే కంగారులో మళ్లీ ఇన్‌స్టాల్ చేయకండి, ఫార్మాట్ అసలే వద్దు. డిస్క్ పేరు కనబడుతోందా, తేదీ సరిగా ఉందా, ఏ పద్ధతిలో ఎక్కించారు, ఇవి చూడండి. ఏదైనా మార్చేముందు ఆ తెరని ఫోన్‌తో ఫొటో తీసుకోండి. డిస్క్ పేరే రాకపోతే అప్పుడు షాపుకి వెళ్లండి.

కనుమ రోజు తమ్ముడితో కూర్చుని లెక్క చూసుకున్నాం. వాడే నాకు పద్దెనిమిది వందలు ఇవ్వాలని తేలింది. నవ్వుతూ ఇచ్చాడు. ఇప్పుడు ప్రతి ఆదివారం లెక్కలు పెన్‌డ్రైవ్‌లోకి తీసి వాళ్లింట్లోనే పెడుతున్నా. పాటలకి వేరేది కొన్నా.