టేకు కుర్చీకి పెయింటా?

పాత టేకు కుర్చీ రంగు మాసిందని పెయింట్ డబ్బా తెచ్చేవాళ్లను చూస్తే మనసు చివుక్కుమంటుంది. ముందు దూదిని స్పిరిట్‌లో ముంచి, కుర్చీ అడుగున ఓ మూల రుద్ది చూడండి. పైపూత జిగురుజిగురుగా దూదికి అంటుకుందంటే అది లక్క పాలిష్. స్పిరిట్‌కే కరిగి వచ్చేస్తుంది.

మా తాతయ్య కుర్చీకి ఇప్పుడు అలా పాత పాలిష్ తీసే పనే చేస్తున్నాను. కుర్చీ చేతుల మీద నల్లగా పేరుకున్న జిడ్డు వదిలేసరికి లోపల తేనెరంగు చారలు బయటపడ్డాయి. ఎంత అందమో! ఆయన అరచేతులకు అరిగిన పల్లాలను మాత్రం చదును చేయను. శాండ్ పేపర్ 120, ఆపైన 220, ఎప్పుడూ చారల వెంటే. అడ్డంగా రుద్దితే పాలిష్ వేశాక ప్రతి గీతా పైకి కనిపిస్తుంది.

వదులైన జాయింట్లకు దయచేసి మేకులు కొట్టించకండి, కర్ర చీలిపోతుంది. పాత జిగురు గీకేసి, ఫెవికాల్ రాసి, తాడుతో బిగించి రాత్రంతా వదిలేయండి.

మళ్లీ లక్క పాలిషే వేస్తాను. ఎక్కడైనా గీత పడితే ఆ ఒక్కచోటే దిద్దుకోవచ్చు. వేడి కాఫీ గ్లాసు మాత్రం దాని మీద పెట్టనివ్వకూడదు, తెల్లటి మచ్చ పడుతుంది.