వంకాయకూ ఓ ల్యాంపు

మావారు సింగరేణిలో మైనింగ్ సర్దారుగా చేసి రిటైరయ్యారు. కార్మికుల కంటే ముందే సేఫ్టీ ల్యాంపు పట్టుకుని గనిలోకి వెళ్లి చూసి రావడం ఆయన పని. మంట బాగా తగ్గించి చూస్తే, మీథేన్ ఉన్నచోట దానిమీద లేత నీలిరంగు టోపీ కనిపిస్తుందట. ఆ గ్యాసుకు రంగూ వాసనా లేవు. అయినా దీపం చెప్పేస్తుంది.

నస్పూర్‌లో కూరగాయలు కొనేటప్పుడల్లా నాకా ల్యాంపే గుర్తొస్తుంది. మనవరాలికి ఏడో నెల. అన్నంలో కూర మెదిపి పెట్టమన్నారు డాక్టరు. నిగనిగలాడే వంకాయను చూస్తే ఏం తెలుస్తుంది?

‘‘మందెప్పుడు కొట్టినవ్ చెల్లె?’’ అంటే కూరగాయలామె నిజమే చెబుతుంది. ‘‘మొన్ననే అక్కా. కొట్టకుంటే పుచ్చుతయి. పుచ్చులు మీరు ముట్టరాయె!’’

మందు కొట్టాక ఇన్ని రోజులాగి కోయాలని లెక్క ఉంటుంది. వంకాయలేమో మూణ్నాలుగు రోజులకోసారి తెంపకపోతే ముదిరిపోతాయి. ఆమెను ఏమని తప్పుపట్టను? మోనోక్రోటోఫాస్‌ను కూరగాయల మీద వాడకూడదని 2005లోనే కేంద్రం నిషేధించింది. అది మొక్క లోపలికి ఇంకే రకం. కాయను ఎంత కడిగినా పైనున్నదే పోతుంది.

మా చెల్లెలి కొడుకు కెమిస్ట్రీలో పరిశోధన చేస్తున్నాడు. పండక్కొస్తే పట్టుకుని అడిగాను.

‘‘ల్యాబ్‌లో అయితే కాయను రుబ్బి, ద్రావకంతో మందును బయటికి లాగి, పెద్ద మిషన్లో చూస్తారు పెద్దమ్మా. ఇంట్లో అయ్యే పని కాదు’’ అంటూనే ఇంకో సంగతి చెప్పాడు. లోహాన్నీ కర్బన అణువులనూ కలిపి, లోపలంతా ఖాళీ గదులుండే స్ఫటికాలు తయారుచేస్తారట. ఆ పనికే 2025లో కిటగావా, రాబ్సన్, యాగీలకు నోబెల్ వచ్చింది. వాటిలో ఒకరకం పొడి రెండు గ్రాములు తీసుకుని, లోపలి గోడలన్నీ పరిస్తే ఫుట్‌బాల్ మైదానమంత! కొన్ని రకాలు అతినీలలోహిత కాంతిలో మెరుస్తాయి. పురుగుమందు అణువు గదిలో దూరితే ఆ మెరుపు తగ్గుతుంది.

‘‘మా బొగ్గు గంతే కదరా! కండ్లకు కనపడని సందుల్లనే గ్యాసు దాగుంటది’’ అన్నారు మావారు, పేపర్లోంచి తలెత్తకుండానే.

ఈ పొడిని కాగితానికి పట్టించి, కూరగాయ రసం చుక్క వేసి చూసే ప్రయోగాలూ జరుగుతున్నాయట. చిక్కేమిటంటే మందులు ఒకటా రెండా! పైగా ఆకుకూరల పసరు కూడా మెరుపును మింగి తికమక పెడుతుంది.

ప్రస్తుతానికి పాపకు మా పెరట్లో పాకిన ఆనిగెపుకాయే. మొన్న కూరగాయలామెకు ఈ కాగితం ముచ్చట చెప్పాను. కోపమొస్తుందేమో అనుకున్నా.

‘‘గది దొరికితే నాగ్గూడ ఒకటి తెచ్చియ్యక్కా’’ అంది. ‘‘ఎన్నొద్దులు ఆగాల్నో నాకూ ఎరుకైతది. మా పిల్లలూ గివే తింటున్నరు.’’