వజ్రకరూరు నుంచి పాతపాడు దాకా

తొలకరి పడితే వజ్రకరూరు చేలల్లో ఎటు చూసినా తలవంచుకున్న మనుషులే. బళ్లారి నుంచి, కర్నూలు నుంచి సద్దిమూటలతో వచ్చి, వాన కడిగిన మట్టిలో తళుక్కుమనే రాయి కోసం వెతుకుతారు. పక్కనున్న పెద్దాయన "ఏం దొరికిందప్పా?" అన్నాడు. అరచేతిలోని కుండపెంకు చూపించాను. "అవి యాడ చూసినా ఉంటాయిలే" అని ముందుకు జరిగాడు.

యాడ చూసినా ఉండేవాటి కోసమే నా ప్రయాణం.

గుత్తి దాటి పత్తికొండ దారిలో ఎర్రగుడి దగ్గర దిగాను. బండల మీద అశోకుడి శాసనాలు. 13వ శాసనం ఆంతియోక, తురమాయ వంటి యవన రాజులను పేరు పెట్టి చెబుతుంది. సీమ రాతి మీద గ్రీకుల పేర్లు! ఆ గ్రీకులే దక్షిణ ఇటలీలో కాపురం పెట్టి, అపూలియాలో నల్లపూత మధ్య మట్టి ఎరుపును మిగిల్చి దేవతలనూ వీరులనూ తీర్చిన కూజాలు చేశారు. సమాధుల్లో పెట్టిన ఆ కూజాలు నేడు నేపుల్స్, లండన్ మ్యూజియాల్లో వెలుగుతున్నాయి. క్రీ.పూ. 300 ప్రాంతానికి ఆ పని సన్నగిల్లింది. కొన్ని దశాబ్దాలకు ఇక్కడ ఈ అక్షరాలు చెక్కారు.

డోన్, బేతంచెర్ల మీదుగా బనగానపల్లె చేరాను. ఇదీ వజ్రాల నేలే. దగ్గర్లోని పాతపాడు పేరు మాత్రం మట్టిపాత్రల వల్ల ప్రపంచానికి తెలిసింది. 1962లో ఆల్చిన్ అనే పురావస్తు పండితుడు 'యాంటిక్విటీ' పత్రికలో వీటి గురించి రాశాడు. అపూలియా కూజాల కంటే వెయ్యేళ్లకు పైగా పాతవి. సారె ఎక్కించకుండా చేత్తో మలిచి, ఎర్రపూత పూసి, దాని మీద నలుపు, ఊదా గీతలు దిద్దారు. అన్నిటికన్నా నన్ను ఆపేసింది ముక్కుగిన్నె. మన ఉగ్గుగిన్నె ముక్కును బారెడు సాగదీసినట్టుంటుంది, పైన మూత లేని కాలువ. నర్మద ఒడ్డున నవ్‌దాతోలీలోనూ ఇలాంటి ముక్కుగిన్నెలే దొరికాయి. రాజు పేరు లేదు, దేవుడి బొమ్మ లేదు. ఉత్త గీతలే. అయినా ఆ చేతికి ఎంత నిబ్బరం!

చేనుగట్టు మీద ఏరిపోసిన పెంకులు చూసి, "ఇవి పారేయొద్దమ్మా, పురావస్తు శాఖవాళ్లకు చూపించండి" అన్నాను రైతమ్మతో.

"వస్తే చూపిస్తా నాయనా. ఆ వంక పక్కన ఇంకా శానా ఉండాయి, రా" అంటూ ముందు నడిచింది.