సముద్రం బంగారం తిరిగిస్తుంది, ఫొటోలు ఇవ్వదు

కాకినాడ నుంచి ఉప్పాడకి బీచ్ రోడ్డులో బైక్ మీద ఎప్పుడైనా వెళ్లారా? కుడివైపు సముద్రం, మధ్యలో నల్లరాళ్ల గట్టు. పోటు సమయంలో అల రాళ్లకి కొట్టుకుని లేచి మన హెల్మెట్ మీద పడుతుంది. రీల్స్‌లో చూడ్డానికి బాగానే ఉంటుంది. ఆ గట్టు పక్కన ఇల్లున్నవాళ్లని అడిగితే వేరే కథ చెప్తారు.

మా అమ్మ పుట్టిల్లు ఉప్పాడే. కానీ చూపించడానికి ఇప్పుడు ఆ ఇల్లు లేదు. మావయ్య గట్టు మీద నిలబడి వేలు నీళ్లలోకి చూపిస్తాడు. "అదిగో, ఆ పడవ ఊగుతోంది చూడు. దానికి ఇవతల. అక్కడే మన అరుగు."

గోదావరి తెచ్చిన ఇసుకతో ఏర్పడిన హోప్ ఐలాండ్ కాకినాడ రేవుకి అడ్డుగోడలా నిలబడింది. ఆ అడ్డు ఉప్పాడ దాకా రాలేదు. ఇక్కడ అల నేరుగా ఊరినే కొడుతుంది. రాళ్లు పోశారు, ఇసుక నింపిన పెద్ద పెద్ద జియో ట్యూబులు వేశారు. అయినా తీరం తరిగిపోతూనే ఉంది.

ఇక్కడ ఇంకో విచిత్రం ఉంది. తుపాను వెళ్లాక జనం ఇసుకలో బంగారం వెతుకుతారు. 2020 నవంబరులో నివర్ తుపాను తర్వాత టీవీల్లో కూడా వచ్చింది కదా, చూసే ఉంటారు. మునిగిపోయిన ఇళ్లలోదీ, గుళ్లలోదీ ఇలా ఒడ్డుకి వస్తుందని ఊళ్లో అంటారు. అమ్మమ్మ మాత్రం ఒకటే అనేది: "బంగారం ఇచ్చేస్తాది గానీ, ఫొటోలు ఇవ్వదురా అబ్బాయ్."

అమ్మ పెళ్లి ఆల్బమ్ ఆ ఇంటితోనే పోయింది. మిగిలింది ఒక్కటే, 1999లో పిన్ని పెళ్లికి తీసిన వీడియో క్యాసెట్. పిన్ని అత్తారింటికి తీసుకెళ్లిపోయింది కాబట్టి బతికింది. దాన్ని కాకినాడలో స్టూడియోకిచ్చి ఫైలుగా మార్పించాం. పెళ్లి సంగతి సరే, మధ్యలో ఓ రెండు నిమిషాలు తాతయ్య మగ్గం మీద కూర్చుని ఉన్నాడు. వీడియో ఆయనకి ఏం తోచిందో, కెమెరాని తాతయ్య చేతుల మీదే ఉంచేశాడు. ఉప్పాడ జామ్‌దానీలో బుటాని మిషను వెయ్యదు. పడుగు పోగుల మధ్య చేత్తో ఒక్కో పోగూ పెట్టాలి. 2009లో ఈ చీరకి జీఐ గుర్తింపొచ్చింది. తాతయ్య అప్పటికే లేడు.

ఆ రెండు నిమిషాలు చూసి మావయ్య చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత అన్నాడు: "అల్లుడూ, ఇది అందరూ చూడాలి. కానీ వాట్సాప్‌లో పెట్టకు."

వాట్సాప్‌లో పెడితే క్వాలిటీ పోతుందని కాదు ఆయన బాధ. మా ఫొటోల్లో సగం చీరల డిజైన్లే. గ్రూపులో ఒక్కసారి పడితే అది ఎవరి ఫోనుకి వెళ్తుందో తెలీదు, నెల తిరక్కుండా పవర్‌లూమ్ మీద నకలు దిగుతుంది. క్లౌడ్‌లో పెడదామంటే, 2021 జూన్ 1 నుంచి గూగుల్ ఫొటోస్‌లో అన్‌లిమిటెడ్ ఫ్రీ లేదు. 15 జీబీ దాటితే నెలనెలా కట్టాలి.

అందుకే మావయ్య ఇంట్లో ఓ చిన్న డబ్బా పెట్టాను. నెట్‌వర్క్ డ్రైవ్ అంటారు. రెండు హార్డ్ డిస్కులు, ఒకదానిలో పడిందే రెండోదానిలోనూ పడుతుంది. రూటర్‌కి కేబుల్ తగిలించి, చిన్న యూపీఎస్ పెట్టి, ఉప్పుగాలి తగలకుండా లోపలి గదిలో బీరువా పక్కన ఉంచాం. ఇంట్లో వైఫైలో టకటకా ఓపెనయ్యింది. డల్లాస్‌లో అక్కకి లింక్ పంపితే మాత్రం తెల్ల స్క్రీన్.

రాత్రి రెండింటి దాకా కూర్చుంటే అప్పుడర్థమైంది. చాలా ఇంటర్నెట్ కంపెనీలు ఒకే పబ్లిక్ అడ్రసుని ఎంతోమందికి పంచుతాయి. దీన్నే సీజీ-నాట్ అంటారు. అపార్ట్‌మెంట్ మొత్తానికి ఒకే డోర్ నంబరున్నట్టు. ఉత్తరం గేటు దాకా వస్తుంది, ఏ ఫ్లాటుకో తెలీదు. రూటర్‌లో ఎన్ని పోర్టులు తెరిచినా లాభం లేదు. తెరవకపోవడమే మంచిది కూడా, దొంగలకీ అదే దారి.

దీనికి మందు టెయిల్‌స్కేల్ లాంటి యాప్. డబ్బాలో ఒకటి, అక్క ఫోన్లో ఒకటి వేస్తే, రెండూ ఒకే ఇంట్లో ఉన్నట్టు రహస్యంగా కలుస్తాయి. వీడియో చూడ్డానికి జెల్లీఫిన్ పెట్టాను, ఫ్రీ. ఎవరికి వాళ్ల లాగిన్. పెళ్లి ఫోల్డరు అందరికీ, డిజైన్ల ఫోల్డరు మావయ్యకొక్కడికే. ఇంకో మాట గుర్తుంచుకోండి: మీ ప్లాన్‌లో డౌన్‌లోడ్ స్పీడు కాదు, అప్‌లోడ్ స్పీడు చూడండి. వీడియో మీ ఇంట్లోంచి బయటికెళ్లేది దాని మీదే.

అక్క వీడియో కాల్ చేసింది. వెనక టీవీలో తాతయ్య చేతులు. ఏమీ అనలేదు, ఏడుస్తోంది.

అప్పుడు నేను అసలు పేచీ మొదలుపెట్టాను. "మావయ్యా, ఇంకో కాపీ నా దగ్గర హైదరాబాద్‌లో పెడతాను."

"ఎందుకురా? రెండు డిస్కులు ఉన్నాయన్నావుగా. మన ఊరివి మన ఊళ్లోనే ఉండనీ."

ఒక డిస్కు చెడిపోతే రెండోది కాపాడుతుంది, నిజమే. కానీ రెండూ ఒకే డబ్బాలో, ఒకే గదిలో, ఒకే ఊళ్లో. నీళ్లొస్తే రెండూ పోతాయి. ఈ మాట ఉప్పాడలో నిలబడి ఉప్పాడ మనిషికి చెప్పడం నాకు కష్టమైంది. ఊరు పోతుందని మనమే ఒప్పేసుకున్నట్టు ఉంటుంది కదా. ఆయన కాసేపు గట్టు వైపు చూశాడు. "సరే, పట్టుకెళ్లు" అన్నాడు.

2025 అక్టోబరు 28 రాత్రి మొంథా తుపాను తీరం దాటింది. మావయ్యవాళ్లు ముందే పిఠాపురంలో చుట్టాలింటికి వెళ్లిపోయారు. ఉప్పాడ డబ్బాకి కరెంటు పోయింది, యాప్‌లో ఎర్రచుక్క పడింది. హైదరాబాద్ కాపీ మాత్రం పచ్చగానే ఉంది. రాత్రి పదకొండింటికి చూస్తే, అందులో ఎవరో పెళ్లి వీడియో ప్లే చేస్తున్నారు. లాగిన్ పేరు చూశాను. మావయ్య.

ఇల్లు నిలబడింది. కరెంటొచ్చాక డబ్బా కూడా లేచింది, ఒక డిస్కు తప్ప. అది మార్చడానికి మళ్లీ బీచ్ రోడ్డెక్కాను. ఇసుకలో అక్కడక్కడా జనం వంగి బంగారం వెతుకుతున్నారు.

మీ ఇంట్లో కూడా ఓ క్యాసెట్టో, పాత ఫోనో, అటక మీద ఆల్బమో ఉండే ఉంటుంది. ఈ ఆదివారం దింపండి. కాపీ చెయ్యండి. ఒక కాపీ మాత్రం వేరే ఊళ్లో ఉండాలి. మా ఊళ్లోలా సముద్రమే రానక్కర్లేదు, చెదలు చాలు.

గట్టు మీద మావయ్య మళ్లీ వేలు చూపించాడు. ఈసారి పడవ లేదు. "అక్కడే" అన్నాడు. నేను ఫోన్ తీసి వీడియో తీశాను, వేలు, నీళ్లు, ఆయన గొంతు. ఇంటికెళ్లేలోపే అది రెండు ఊళ్లకీ చేరిపోయింది.